వీలునామాలో పేరు లేకపోతే కొడుకు కాకుండా పోతాడా?

ప్రశ్న: మాది తెనాలి. పదిహేనేళ్ళుగా నార్త్ కరోలినాలో ఉంటున్నాను. మావారు అమెరికన్. మా మామగారికి 81 ఏళ్ళు. వాళ్ళ వంశం ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చి, రాసి, ఆయన చేతిలో పెట్టాలని నా కోరిక. 1850 జనాభా లెక్కల దాకా వెళ్ళగలిగాను. అందులో ఆయన ముత్తాత తండ్రి టెన్నెసీ రాష్ట్రం మోరీ కౌంటీలో ఉన్నాడు. వయసు 54, పుట్టింది వర్జీనియాలో. అక్కడితో దారి మూసుకుపోయింది. నెట్‌లో దొరికే వంశవృక్షాలన్నీ ఆయన్ని వర్జీనియా, పిట్సిల్వేనియా కౌంటీలో 1801లో పోయిన ఒక పెద్దాయన కొడుకుగా చూపిస్తున్నాయి. ఆ వీలునామా కాపీ సంపాదించాను. భార్య మేరీకి బతికినంత కాలం ఇల్లూ పొలమూ అనుభవించే హక్కు, ఆమె తదనంతరం అమ్మి ‘నా పిల్లలందరికీ సమానంగా’ పంచాలి అని ఉంది. పేరు పెట్టి రాసింది ఇద్దరు పెద్ద కొడుకులకూ ఒక కూతురికీ మాత్రమే. మావాడి పేరు లేదు. ఇంటిపేరు చూస్తే ఊరికి పదిమందికి ఉండే పేరు. మా నాన్నగారు దస్తావేజు లేఖరి కాబట్టి పొలం కాగితాలంటే భయం లేదు, కానీ ఇక్కడివి ఎక్కడ మొదలుపెట్టి ఎలా చదవాలో తెలియడం లేదు. చెప్పగలరా?

జవాబు: పేరు లేనంత మాత్రాన మీవాడు ఆయన కొడుకు కాకుండా పోడు. నెట్‌లో యాభై వంశవృక్షాలు ఒకే మాట చెప్పినంత మాత్రాన కొడుకు అయిపోడు కూడా. ఆ యాభైలో నలభై తొమ్మిది మొదటిదాన్ని చూసి ఎక్కించినవే అయ్యుంటాయి. 1850లో 54 ఏళ్ళంటే పుట్టుక 1796 ప్రాంతం. తండ్రి పోయేనాటికి ఐదేళ్ళ పిల్లాడు. పెద్ద కొడుకులకు పొలం విడగొట్టి ఇవ్వాలి, పెళ్ళయిన కూతురికి ఆవో పరుపో ఇవ్వాలి కాబట్టి వాళ్ళ పేర్లు వీలునామాలోకి ఎక్కుతాయి. ఐదేళ్ళవాడికి విడిగా రాయడానికి ఏముంది? చిన్నపిల్లలు ‘నా పిల్లలందరూ’ అన్న మాట వెనక ఉండిపోతారు.

ఆ ‘అందరూ’ ఎవరెవరో చెప్పే కాగితం 1801లో పుట్టలేదు. మేరీ పోయాకే పుట్టింది. పొలం అమ్మి డబ్బు పంచాలంటే వాటాదారుల పేర్లు ఎక్కడో ఒకచోట రాయక తప్పదు కదా. అంచేత మీరు వెతకాల్సింది పెద్దాయన బతికున్నప్పటి కాగితాలు కాదు, ఆయన పోయిన ఇరవై ముప్ఫై ఏళ్ళకు పుట్టినవి. వీలునామా దొరకగానే పని అయిపోయిందనుకుని చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

మీ నాన్నగారు క్రయ దస్తావేజు రాసేముందు లింకు డాక్యుమెంట్లు వరసగా పేర్చుకుని, ఈసీ తీయించి, పొలం అమ్మేవాడి చేతికి ఎలా వచ్చిందో చూసేవారు. ఇక్కడా అదే పని. కాకపోతే ఈసీ తీసి ఇచ్చే ఆఫీసు లేదు, మీరే తయారు చేసుకోవాలి. ఒక నోటుబుక్కు తీసుకుని, పిట్సిల్వేనియాలో ఆ ఇంటిపేరున్న ప్రతివాడి ప్రతి పొలానికీ ఒక పేజీ కేటాయించండి. ఎడమవైపు ఎలా వచ్చింది, కుడివైపు ఎలా పోయింది, మధ్యలో ఎన్ని ఎకరాలు, ఏ వాగు పక్కన. కొన్నట్టు ఉండి అమ్మినట్టు లేని పొలం వారసులకు దిగినట్టు లెక్క. అమ్మినట్టు ఉండి కొన్నట్టు లేకపోతే వారసత్వంగానో, భార్య వైపు నుంచో, ప్రభుత్వ పట్టాగానో వచ్చి ఉంటుంది. ఖాళీగా మిగిలిన గడులే మీకు కావలసినవి. ఎవరు ఎవరి కొడుకో అక్కడే బయటపడుతుంది.

మొదట టెన్నెసీ వైపు నుంచి రండి. మోరీ కౌంటీ 1807లో విలియమ్‌సన్ కౌంటీ నుంచి విడిపోయింది, దస్తావేజుల పుస్తకాలు అప్పటి నుంచి చూడాలి. ప్రతి కౌంటీలో రెండు సూచికలుంటాయి, ఒకటి అమ్మినవారిది, ఒకటి కొన్నవారిది. వాటినే గ్రాంటర్ ఇండెక్స్, గ్రాంటీ ఇండెక్స్ అంటారు. కొన్నవారి సూచికలో మీవాడి పేరు మీద ఉన్న మొట్టమొదటి కొనుగోలు తీయండి. దస్తావేజులో అమ్మేవాడూ కొనేవాడూ ఏ కౌంటీ వాసులో రాయడం ఆనవాయితీ. వలస వచ్చినవాడు ఇల్లు వాకిలి ఏర్పడకముందే పొలం కొన్నట్టయితే ‘వర్జీనియా రాష్ట్రం, ఫలానా కౌంటీ వాసి’ అని పాత ఊరే రాసి ఉంటుంది. రెండో కొనుగోలు నాటికి ‘మోరీ కౌంటీ వాసి’ అయిపోతాడు, ఆధారం పోతుంది. ఈ ఒక్క మాట కోసమే మొదటి దస్తావేజు పూర్తి పాఠం చూడాలి. దస్తావేజులను కుదించి అచ్చువేసిన సారాంశాల పుస్తకాల్లో చాలాసార్లు ఈ మాటనే వదిలేస్తారు. అందులో పిట్సిల్వేనియా కాక మరో కౌంటీ పేరుంటే ఇక్కడే ఆగి, దారి మార్చుకోండి. యాభై వంశవృక్షాలూ తప్పయినట్టే.

జనాభా లెక్కల మీద పెట్టుకున్న ఆశ వదిలేయండి. 1790 నుంచి 1840 దాకా ఇంటిపెద్ద పేరొక్కటే రాశారు, మిగిలినవాళ్ళు వయసుల వారీగా అంకెలు. ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది, ఇంటిపెద్దకు ఏమవుతారో రాయడం 1880లో. పైగా వర్జీనియావి 1790, 1800 లెక్కలు దాదాపు ఏవీ మిగల్లేదు. వాటి లోటు తీర్చేవి పన్ను జాబితాలు. వర్జీనియాలో 1782 నుంచి ఏటేటా రెండు రకాలు ఉన్నాయి, ఒకటి భూమి మీద, రెండోది మనుషులూ గుర్రాలూ వగైరా మీద. మైక్రోఫిల్ములు రిచ్‌మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో ఉన్నాయి, చాలా వరకు వంశచరిత్రల ఉచిత వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్‌లో ఇంట్లో కూర్చునే చూడొచ్చు.

మేరీ ఎప్పుడు పోయిందో తేల్చేది భూమి పన్ను జాబితాయే. 1801 నుంచి ఏడాది కూడా వదలకుండా చదవండి. ముందు పెద్దాయన పేరు, తర్వాత ‘ఫలానావారి ఎస్టేటు’ అనో, మేరీ పేరో కొన్నేళ్ళు కొనసాగుతుంది. ఒక ఏడాది ఆ ఎకరాలు మాయమై వేరొకరి పేరు కింద తేలతాయి. 1814 నుంచి పొలం ఎక్కడుందో, కోర్టు భవనానికి ఎటువైపు ఎన్ని మైళ్ళో కూడా రాశారు కాబట్టి ఒకే పేరున్న ఇద్దరి పొలాలు కలిసిపోవు. ఎకరాలు మాయమైన ఏడాదికి ముందు రెండేళ్ళు, తర్వాత పదేళ్ళు మీరు గాలించాల్సిన కాలం. కౌంటీని భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగానికి ఒక్కో అధికారి విడి జాబితా రాసేవాడు, ఒక దాంట్లో కనబడకపోతే రెండోది చూడండి. మనుషుల జాబితాలో మేరీ పేరు కింద పదహారు దాటిన మగవాళ్ళ అంకె ఉంటుంది. 1812–13 ప్రాంతంలో ఆ అంకె ఒకటి పెరిగితే మీవాడి వయసుకు సరిపోయే పిల్లాడు ఆ ఇంట్లో ఉన్నట్టే. రుజువు కాదు, కానీ చాలా మంచి సూచన. 1808లో ఈ పన్ను వసూలు చేయలేదు, ఆ ఏడాది జాబితా లేదని కంగారు పడకండి. మేరీ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఇంటిపేరు మారిపోతుంది, అందుకని 1801 తర్వాతి పెళ్ళి బాండ్లు (పెళ్ళికి ముందు రాసిచ్చే హామీ పత్రాలు) కూడా ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు అమ్మినవారి సూచిక. ఇందులో పెద్ద చిక్కు ఒకటుంది. పదిమంది వారసులు కలిసి సంతకాలు చేసినా గుమాస్తా సూచికలో మొదటివాడి పేరొక్కటే రాసి, పక్కన ‘ఇతరులు’ అని పెట్టేసేవాడు. ఆ మొదటివాడు అల్లుడైతే మీ ఇంటిపేరు సూచికలో ఎక్కడా కనబడదు. అందుకే పెద్దాయన కూతుళ్ళు ఎవరెవర్ని చేసుకున్నారో ముందే తెలుసుకుని, అల్లుళ్ళ ఇంటిపేర్లతో కూడా వెతకాలి. పెళ్ళయిన ఆడదాని ఆస్తి వ్యవహారం ఆ రోజుల్లో భర్త చేతిలోనే ఉండేది కాబట్టి ‘ఫలానా అతను, ఆయన భార్య ఎలిజబెత్’ అనే రాసేవారు. ఇంకో సంగతి, మన తెలుగువాళ్ళకు వింతగా ఉంటుంది. వీలునామా లేకుండా పోయినవాడి భూమిలో కొడుకులతోపాటు కూతుళ్ళకూ సమాన వాటా వర్జీనియాలో 1787 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు 1985 సెప్టెంబరులో వచ్చింది. కాబట్టి మన అలవాటు కొద్దీ కొడుకుల మీదే దృష్టి పెడితే సగం ఆధారాలు చేజారతాయి.

వారసుల దస్తావేజు ఎలా ఉంటుందో ఒక నమూనా ఊహించుకుందాం. మొదటి పక్షంలో ‘జేమ్స్, ఆయన భార్య నాన్సీ, అల్లుడు ఫలానా, ఆయన భార్య ఎలిజబెత్, టెన్నెసీ రాష్ట్రం మోరీ కౌంటీ వాసి శామ్యూల్, తన ముక్త్యారు జేమ్స్ ద్వారా, వీరంతా కీర్తిశేషుడు విలియం వారసులు’. ఆ తర్వాత ‘తమ తండ్రి విలియం వీలునామా ప్రకారం తల్లి మేరీ జీవితకాలం అనుభవించిన 150 ఎకరాలు’. ఇటువంటిది దొరికిందంటే మీ ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యంలో వచ్చినట్టే. భిన్నాలు కూడా చూడండి. ఎవరైనా ‘తొమ్మిదో వంతు’ అమ్మితే వాటాలు తొమ్మిది, అంటే బతికున్నవాళ్ళూ, సంతానాన్ని వదిలి పోయినవాళ్ళూ కలిపి పిల్లలు తొమ్మిదిమంది. ‘ముప్ఫై ఆరో వంతు’ అని కనబడితే ఆ తొమ్మిదిలో ఒకరు పోయారు, వాళ్ళకు నలుగురు పిల్లలు. పేర్లు లేని కాగితం కూడా ఇలా కుటుంబం లెక్క చెబుతుంది.

అన్ని వాటాలూ ఒకేసారి అమ్మారని అనుకోవద్దు. పడమటికి బయల్దేరే కుర్రవాడికి చేతిలో డబ్బు కావాలి. తల్లి బతికుండగానే ‘మా అమ్మ ఇప్పుడుంటున్న పొలంలో నాకు రాబోయే వాటా’ అని అన్నకు అమ్మేసి వెళ్ళిపోవడం మామూలే. మీవాడికి 21 నిండేది 1817 ప్రాంతం. అక్కణ్ణుంచే సూచికలు చూడండి.

అమ్మకుండా వెళ్ళినవాడైతే జీపీఏ పంపాలి. నా తండ్రి ఎస్టేటులో నా వాటా వసూలు చేసి రసీదు ఇవ్వడానికి నా అన్నను నియమిస్తున్నాను అని మోరీ కోర్టులో ఒప్పుకుని, అక్కడి గుమాస్తా ముద్రతో వర్జీనియాకు పంపితే, దాన్ని పిట్సిల్వేనియా దస్తావేజుల పుస్తకంలో నకలు చేస్తారు. రెండు రాష్ట్రాలనూ తండ్రీకొడుకులనూ ఒకే పేజీలో కలిపే కాగితం ఇంతకు మించింది లేదు. భూమి అమ్మకం కాదని సారాంశాలు రాసేవాళ్ళు దాటవేస్తారు, పేరు సూచికలో అమ్మినవారి వైపు ఉంటుంది కాబట్టి కొన్నవారి వైపే వెతికేవాళ్ళకు దొరకదు.

మీ వీలునామాలో ఉన్న ఒక మాట వల్ల ఇంకో ఇబ్బంది రావచ్చు. ‘అమ్మి పంచాలి’ అని ఉంది కాబట్టి అమ్మే అధికారం ఎగ్జిక్యూటర్లది, అంటే వీలునామా అమలు చేయడానికి పెద్దాయన నియమించినవాళ్ళది. వాళ్ళే సంతకం చేసి అమ్మితే దస్తావేజులో వారసుల పేర్లు ఒక్కటీ ఉండవు. అప్పుడు చూడాల్సింది జమాఖర్చుల లెక్కలు. ఎగ్జిక్యూటరు కోర్టుకు అప్పజెప్పిన లెక్కలో ‘శామ్యూల్‌కు అతని వాటా కింద చెల్లించింది’ అని రూపాయి అణా పైసల్లాగా పౌండ్లు షిల్లింగులు పెన్నీల్లోనో, తర్వాతి కాలమైతే డాలర్లలోనో వరసలు ఉంటాయి. ఇవి వీలునామాల పుస్తకాల్లోనో, లెక్కల కోసం విడిగా పెట్టిన పుస్తకాల్లోనో దొరుకుతాయి. ముప్ఫై ఏళ్ళు గడిచేసరికి ఎగ్జిక్యూటర్లు కూడా పోయి ఉంటే, మిగిలిన పని పూర్తి చేయడానికి కోర్టు మరొకర్ని నియమిస్తుంది. అతని పేరు పక్కన ‘డి బోనిస్ నాన్’ అన్న లాటిన్ మాట కనబడుతుంది. అది ఇంటిపేరు కాదు.

అన్నదమ్ములకు పడకపోతే మీ పంట పండినట్టే. వాటాల తగువులు చాన్సరీ కోర్టుకు వెళ్ళేవి. దావా వేసినవాడు వారసులందర్నీ పేరుపేరునా చేర్చాలి, రాష్ట్రం విడిచి వెళ్ళినవాళ్ళ కోసం పత్రికలో ప్రకటన వేయాలి, ఇరుగుపొరుగు వాంగ్మూలాలు తీసుకోవాలి. ఆ వాంగ్మూలాల్లో ఎవరు ఎప్పుడు టెన్నెసీ వెళ్ళారో, ఎవరు ఎవరింట్లో పెరిగారో మాటల్లోనే దొరుకుతుంది. లైబ్రరీ ఆఫ్ వర్జీనియా ఈ దావాలకు ఉచిత సూచిక పెట్టింది, చాలా కౌంటీల కట్టలు స్కాన్ చేసి ఉన్నాయి. వాది, ప్రతివాది పేర్లతోనే కాక దావాలో కనబడే ఇంటిపేర్లతో కూడా వెతకొచ్చు.

తండ్రి పోయిన చిన్నపిల్లల కోసం కోర్టు సంరక్షకుణ్ణి నియమించేది. ఆ సంరక్షకుడు కోర్టుకు రాసిచ్చే బాండ్లలో పిల్లాణ్ణి ‘అనాథ’ అని రాసి ఉంటుంది, తల్లి బతికే ఉండొచ్చు. తండ్రి లేకపోతే చాలు, అనాథే. పద్నాలుగేళ్ళు నిండితే సంరక్షకుణ్ణి పిల్లాడే ఎంచుకోవచ్చు కాబట్టి 1810 ప్రాంతపు కోర్టు ఆర్డర్ పుస్తకాల్లో మీవాడి పేరు మొదటిసారి కనబడే అవకాశం ఉంది.

పాత కాగితాల్లో మాటలకు అప్పటి అర్థాలే తీసుకోవాలి. సీనియర్, జూనియర్ అంటే తండ్రీకొడుకులు కానక్కర్లేదు, ఒకే ఊళ్ళో అదే పేరున్న పెద్దవాడు, చిన్నవాడు అంతే. పెద్దవాడు పోగానే నిన్నటి జూనియర్ ఇవాళ సీనియర్ అయిపోతాడు. ‘కజిన్’ అన్నచోట అన్న కొడుకు ఉండొచ్చు. ‘మదర్ ఇన్ లా’ సవతి తల్లి కావచ్చు. ‘ఇన్‌ఫెంట్’ అంటే చంటిపిల్లాడు కాదు, 21 నిండనివాడు. ‘ఇప్పటి నా భార్య’ అన్నాడని అంతకు ముందు ఇంకో భార్య ఉందని తేల్చేయకండి. పెద్ద కొడుక్కి ఒక షిల్లింగు రాస్తే కోపంతో వెళ్ళగొట్టాడనీ కాదు, అతని వాటా ముందే ముట్టి ఉంటుంది. ముద్దుపేర్లు ఇంకో తలనొప్పి. పాలీ అంటే మేరీ, పాట్సీ అంటే మార్తా, సాలీ అంటే సారా, పెగ్గీ అంటే మార్గరెట్, నాన్సీ అంటే ఆన్. పాలీ వేరు మేరీ వేరు అనుకుని ఒకే మనిషికి రెండు పెళ్ళిళ్ళు కట్టబెట్టిన వంశవృక్షాలు కొల్లలు.

రాత విషయంలో రెండు జాగ్రత్తలు. రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిదాన్ని పొడుగ్గా ఎఫ్ లాగా గీసేవారు, జెస్సీ అన్న పేరు ఇంకేదోలా కనబడుతుంది. పెద్దబడి ఎల్, ఎస్ ఒకేలా ఉండి లెమ్యూల్, శామ్యూల్ తారుమారవుతారు. కౌంటీ పుస్తకంలో మీరు చూసేది గుమాస్తా ఎత్తి రాసిన నకలు, సంతకాలు కూడా అతని చేతిరాతే. కానీ నిశాని వేసినవాళ్ళ గుర్తును చాలామంది గుమాస్తాలు ఉన్నదున్నట్టు దించేవారు. ఒక విలియం ఎప్పుడూ పేరు రాసి సంతకం చేస్తూ, ఇంకో విలియం ఎప్పుడూ డబ్ల్యూ లాంటి గుర్తు పెడుతుంటే ఇద్దరు వేరని తెలిసిపోతుంది. మీ ఇంటిపేరు మామూలు పేరన్నారు కాబట్టి ఇది మీకు బాగా పనికొస్తుంది.

ప్రతి కాగితానికీ రెండు తేదీలుంటాయి, రాసింది, కోర్టులో రుజువైంది. మనకు రిజిస్ట్రేషన్‌కు నాలుగు నెలల గడువున్నట్టే వర్జీనియాలో దస్తావేజుకు ఎనిమిది నెలల గడువు ఉండేది. వీలునామాలో రెండు తేదీల మధ్య ఎప్పుడో మనిషి పోయినట్టు లెక్క. మీ పెద్దాయన 1801లో పోయాడని వంశవృక్షాలు అంటున్నది రాసిన తేదీ చూసా, రుజువైన తేదీ చూసా అన్నది సరిచూసుకోండి. ఇంకా వెనక్కి వెళ్తే, 1752కు ముందు ఏడాది మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరి 1738 పక్కన గీత గీసి 9 అని ఉంటే మన లెక్కలో అది 1739.

భార్య సంతకం సంగతి విడిగా చెప్పాలి. భర్త పోతే అతని భూమిలో మూడో వంతు మీద ఆమెకు జీవితకాలపు హక్కు ఉండేది, దాన్నే డవర్ అంటారు. భర్త పొలం అమ్మినప్పుడు ఆమెను విడిగా పిలిచి, ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నావా అని అడిగి రాసుకునేవారు. పెద్దాయన 1775లో అమ్మినప్పుడు భార్య సారా, 1790లో మేరీ అని ఉందనుకోండి. పెద్ద కొడుకులు సారా పిల్లలు, మీవాడు మేరీ కొడుకు కావచ్చు. మేరీకి జీవిత హక్కు ఇచ్చి, పెద్దవాళ్ళకు ముందే విడగొట్టడంలో అర్థం అప్పుడు ఇంకా బాగా కనబడుతుంది.

హద్దుల భాగం చదవకుండా వదిలేయకండి. చెక్కుబందీ మనకు నాలుగు దిక్కులా పేర్లతో ఉంటుంది, వర్జీనియాలో చెట్టు నుంచి చెట్టుకు నడిచినట్టు ఉంటుంది. ‘లెదర్‌వుడ్ వాగు ఒడ్డున తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలు, అక్కణ్ణుంచి దక్షిణం నుంచి తూర్పుకు 40 డిగ్రీలు, 120 పోల్స్, ఎర్ర ఓక్ దాకా’ అనే తరహా. పోల్ అంటే పదహారున్నర అడుగులు. నాలుగు పోల్స్ ఒక గొలుసు, 66 అడుగులు. మన ఊళ్ళో సర్వేయర్లు లాగిన గొలుసు కూడా ఇదే గంటర్ గొలుసు. పది చదరపు గొలుసులు ఎకరం, అందులో నూరో వంతు మన సెంటు. 160 చదరపు పోల్స్ ఎకరం కాబట్టి 120 పోల్స్‌కు 200 పోల్స్ ముక్క సరిగ్గా 150 ఎకరాలు. కోణమానిని పెట్టి గీసేటప్పుడు 121 పోల్స్ ఒక అంగుళం అనుకుంటే, అమెరికా భూవిజ్ఞాన సర్వే వారి 24 వేల స్కేలు పటం మీద ఆ బొమ్మ యథాతథంగా కూర్చుంటుంది. ఆ రోజుల్లో దిక్సూచి చూపిన ఉత్తరమే ఉత్తరం కాబట్టి బొమ్మను కొద్ది డిగ్రీలు తిప్పాల్సి రావచ్చు. మొదలైన చెట్టు దగ్గరికి గీత తిరిగి రాకపోతే గుమాస్తా ఒక మెట్టు వదిలేశాడు, లేదా ఉత్తరానికి దక్షిణం రాశాడు. పొరుగువాడి దస్తావేజులో అదే హద్దు చూస్తే తప్పు దొరుకుతుంది. ఇంత కష్టం ఎందుకంటే, 1768లో కొన్న పొలమూ 1827లో వారసులు అమ్మిన పొలమూ ఒకటేనని తేలితే అప్పుడు కొన్న విలియమూ, ఈ వారసుల తండ్రి విలియమూ ఒక్కడే. ప్రభుత్వ పట్టా సర్వేలో గొలుసు మోసినవాళ్ళ పేర్లు ఉంటే రాసుకోండి. తరచూ వాళ్ళు ఇంటివాళ్ళే.

పెద్దాయన తండ్రి దాకా వెళ్ళాలనుకుంటే కౌంటీ మారిపోతుంది. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో పొలం కదలకుండానే జిల్లా మారలేదూ? అలాగే అక్కడ 1746లో బ్రన్స్‌విక్ నుంచి లునెన్‌బర్గ్, 1752లో దాన్నుంచి హాలిఫాక్స్, 1767లో దాన్నుంచి పిట్సిల్వేనియా విడిపోయాయి. పాత పుస్తకాలు కొత్త కౌంటీకి తరలించరు. 1760లో కొన్న పొలం కాగితం హాలిఫాక్స్‌లోనే ఉంటుంది. ఆ కాలపు అమ్మకాలు ఒక్కోసారి జంట కాగితాలుగా వస్తాయి. ఇవాళ 5 షిల్లింగులకు ఏడాది కౌలు, రేపు అసలు ధరకు పూర్తి హక్కు. అది ఒకే అమ్మకం, రెండు పొలాలు కాదు. 1787కు ముందు వీలునామా లేకుండా పోయినవాడి భూమి మొత్తం పెద్ద కొడుకుదే. కాబట్టి ఎవరైనా కొన్న దాఖలా లేని పొలం ఒంటరిగా అమ్ముతుంటే అతను పెద్ద కొడుకేమో చూడండి.

సామాన్ల జాబితా, వేలం లెక్క కూడా చదవండి. వేలంలో విధవ తన పరుపూ ఇనప కుండా తానే డబ్బిచ్చి కొనుక్కోవడం కనబడుతుంది, మిగతా కొనుగోలుదారుల్లో అల్లుళ్ళూ ఇరుగుపొరుగూ ఉంటారు. అదే జాబితాలో ఆవులకూ నాగళ్ళకూ మధ్య బానిసలుగా ఉన్న మనుషుల పేర్లు వెలతో సహా ఉండొచ్చు. మామగారికి ఇచ్చే కాగితంలోంచి దాన్ని దాచేయకండి. నల్లజాతివారిలో ఎక్కువమంది పేర్లు జనాభా లెక్కల్లోకి వచ్చింది 1870లో. అంతకు ముందు వాళ్ళ పూర్వీకుల ఆచూకీ చాలాసార్లు ఇలాంటి జాబితాల్లోనే ఉంది. ఏ పుస్తకం, ఏ పేజీ, ఏ పేర్లు అన్నది స్పష్టంగా రాసి ఫ్యామిలీసెర్చ్‌లో పెడితే ఇంకో ఇంటివాళ్ళకు దారి దొరుకుతుంది.

ఇక ఎక్కడ కూర్చుని చేయాలన్నది. ఫ్యామిలీసెర్చ్‌లో ఉచిత ఖాతా తెరవండి. 2024 నుంచి అక్కడ చేతిరాత దస్తావేజులనూ వీలునామాలనూ కంప్యూటరే చదివి, లోపలి ప్రతి మాటతో వెతకనిచ్చే ‘ఫుల్ టెక్స్ట్’ వెతుకులాట వచ్చింది. సూచికలో లేని పదో వారసుడి పేరు కూడా ఇందులో తగులుతుంది. ఇంటిపేరుతో పాటు వాగు పేరు కలిపి, లేదా ఇంటిపేరుతో ‘మోరీ’, ‘టెన్నెసీ’ కలిపి వర్జీనియా కాగితాల్లో వెతకండి. యంత్రం ఎస్‌ను ఎఫ్‌గా చదివి ఉండొచ్చు, రీడ్ లాంటి ఇంటిపేరును గుమాస్తాలే నాలుగు రకాలుగా రాశారు, అన్ని స్పెల్లింగులూ ప్రయత్నించాలి. దొరకలేదంటే లేదని కాదు. సూచిక పట్టుకుని పుస్తకం తిరగేయడం అప్పటికీ తప్పదు. కొన్ని ఫిల్ములు ఇంట్లో తెరుచుకోవు, దగ్గర్లోని ఫ్యామిలీసెర్చ్ సెంటరులోనో అనుబంధ గ్రంథాలయంలోనో తెరుచుకుంటాయి.

పిట్సిల్వేనియా కోర్టు చాథమ్‌లో ఉంది, కౌంటీ నార్త్ కరోలినా సరిహద్దుకు ఆనుకునే ఉంది, మీకు పెద్ద దూరం కాదు. కానీ పుస్తకాల పేరూ పేజీ నంబరూ రాసుకున్నాకే వెళ్ళండి. ఒక విషయంలో మీరు అదృష్టవంతులు. వర్జీనియాలోనే బకింగ్‌హామ్ కౌంటీ కోర్టు 1869లో కాలిపోయింది. హనోవర్ లాంటి కౌంటీల కాగితాలు భద్రత కోసం రిచ్‌మండ్ పంపితే 1865 ఏప్రిల్‌లో ఆ నగరంతో పాటే తగలబడ్డాయి. పిట్సిల్వేనియాకు ఆ గతి పట్టలేదు.

మామగారి ఒంట్లో ఓపిక ఉండగానే వై క్రోమోజోమ్ డీఎన్ఏ పరీక్ష ఒకటి చేయించండి. అది తండ్రి నుంచి కొడుక్కి దిగే గుర్తు కాబట్టి, అదే ఇంటిపేరున్న వేరే కుటుంబాల నుంచి మీ శాఖను విడదీస్తుంది. ఎవరి కొడుకో మాత్రం చెప్పదు, ఆ పని కాగితాలదే. ముందుగా ఈ వారం చేయగలిగింది మోరీ కౌంటీ కొన్నవారి సూచికలో మొదటి దస్తావేజు. అది తీశాక, ‘వాసి’ అన్న మాట ముందు ఏ కౌంటీ పేరుందో చూసి మళ్ళీ రాయండి.